కొలిమికి చీకటి కోరిన అల్లుడు

మా బావ చంద్రమౌళి ఇక లేడు. ఈ ఒక్క వాక్యం రాయడానికి పొద్దున్నించీ కలం సాగలేదు. ఇప్పుడు రాశాను గనుక మిగతాది ఎలాగో సాగుతుందనుకుంటున్నాను.

పోయిన వారానికి ముందు సోమవారం బడిలో ఎనిమిదో తరగతికి సంధులు చెబుతుండగా కాలేజీ చప్రాసి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "సారూ, జర బయటికి రారి. మౌళి సారుకు ఛాతిల నొప్పి లేసింది, దవాఖానకు తీస్కపోయిండ్రు" అన్నాడు. ఎట్లున్నదని అడిగితే "నడువుండ్రి సారూ" అని ముందు నడిచాడు. దవాఖాన వరండాలో అక్క ఒక్కతే బల్ల మీద కూర్చుని ఉంది. ఒళ్ళో బావ కళ్ళద్దాలున్నాయి. "అయిపాయె తమ్మీ" అంది, అంతే. ప్రయోగశాలలో విద్యార్థులతో మాట్లాడుతూ స్టూలు మీద కూర్చున్నాడట, మళ్ళీ లేవలేదట. ఆయన వయసు పోవలసిన వయసు కాదు. ఆ మాట నాతో అందరూ అన్నారు, నేనూ అందరితో అన్నాను.

ఓరుగల్లులో ఎవరు కాలధర్మం చెందినా నివాళి రాయమని నా ఇంటికే వస్తారు. తెలుగు పండితుడినైన పాపం నాది. అజాతశత్రువు, నిష్కళంకచరితుడు, విద్యాతపస్వి వంటి మాటలు ఎందరికో కట్టబెట్టి నేనే అరగదీశాను. ఇప్పుడు సొంత మనిషికి రాయబోతే అవేవీ అతకడం లేదు. అజాతశత్రువు అందామంటే మా నాయన అన్న, పెద్దబాపుకు ఆయన కొన్ని నెలల పాటు అచ్చమైన శత్రువు. తపస్వి అందామంటే తపస్వులు అంతగా బజ్జీలు తినరు. అలసిపోయి ఉన్నాను, అలంకారాలు వెతికే ఓపిక లేదు. నాకు తెలిసిన మనిషిని తెలిసినట్టు రాస్తాను.

బావది పరకాల. బట్టల వ్యాపారం చేసే ఇంట్లో పుట్టి, తండ్రి ఎంత వద్దన్నా వినకుండా లోహశాస్త్రం చదివాడు. ఇక్కడ ఇంజనీరింగు కాలేజీలో ఉపన్యాసకుడై వచ్చి సుబేదారిలో అద్దెకు దిగాడు. అంతకు కొన్నేళ్ళ ముందే మా అక్కతో పెళ్ళయింది. సన్నటి మనిషి, వంగిన భుజాలు, ఏ చొక్కా తొడిగినా ఇంకొకరిది తొడిగినట్టుండేది. పొద్దున్నే ఎదురై "ఎట్లున్నవు బావా?" అంటే "అలసిపోయిన" అనేవాడు. అప్పుడే నిద్ర లేచావు గదా అంటే "లేసుడే పెద్ద పని" అనేవాడు. ఆ అలసట సోమరితనం కాదు. మనసుకు పట్టిన పనిని విడవలేని వాడి అలసట అది. అలా పట్టినప్పుడు పిలిచినా పలికేవాడు కాదు.

ఆయన పాండిత్యమంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది: దెబ్బలు తిని బిగిసిన లోహాన్ని మళ్ళీ మెత్తబరచాలంటే ఎంత వేడి కావాలి? నాకు లోహాల గురించి తెలిసిందల్లా ఒక సాయంత్రం మా అరుగు మీద ఆయన చెప్పిందే. రాగి తీగ ముక్క ఒకటి నా చేతిలో పెట్టి అటూ ఇటూ వంచమన్నాడు. మొదట మాట విన్న తీగ నాలుగు వంపులకే మొరాయించింది.

"జనం దీన్ని బలమంటరు" అన్నాడు. "బలం గాదు, బిగుసుకపోవుడు. ఇంకోపారి వంచు, పుటుక్కుమంటది."

వంచాను, విరిగింది. మిగిలిన ముక్కను దీపం మంట మీద కాల్చి నీళ్ళలో ముంచి ఇచ్చాడు. అది నూలుపోగులా వంగింది.

"వేడి తక్కువైతే దానికి సోయి సుత ఉండదు, ఉన్నది ఉన్నట్టె ఉంటది. సరిపోయినంత తాకిందనుకో, లోపలి రేణువులు మల్ల కొత్తగ పుడ్తయి, చిన్నచిన్నగ, కుదురుగ. ఎక్కువైందా, ఒకదాన్నొకటి మింగి లావైతయి. మెత్తగనే ఉంటది గని పనికి రాదు."

నేను తెలుగు పండితుణ్ణి గదా, వెంటనే ఉపమానం దొరికింది. "మనుషులు సుత గంతే గద బావా" అన్నాను. ఆయనకు విసుగొచ్చింది. "మనుషులను నడుమకు తేకు. నేను ఇత్తడి సంగతి చెప్తాన" అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన ముందు ఉపమానాలు మానుకున్నాను. ఈ వ్యాసంలోనూ వీలైనంత మానుకుంటాను.

ఈ శాస్త్రానికి మా అక్క వంటింట్లో ఒక ఇత్తడి పళ్ళెం బలైంది. సొట్టలు పడిన పళ్ళేన్ని సరిచేసి ఇస్తానని బావ దాన్ని బొగ్గుల పొయ్యిలో పెట్టి, ఎవరో విద్యార్థి వస్తే మాటల్లో పడి మరిచిపోయాడు. తీసి కొట్టేసరికి సొట్టలైతే పోయాయి గానీ పళ్ళెం ఒళ్ళంతా సంత్రా తొక్కలా గరుకుతేలింది. చింతపండుతో ఎంత తోమినా ఆ గరుకు పోలేదు.  అక్క ఆ పూట నుంచి ఆయనకు అందులోనే వడ్డించింది. "నా తప్పు నేను దినాం తింటాన" అని ఇంటికొచ్చిన వాళ్ళకు తానే చూపించి నవ్వించేవాడు.

ఇక అసలు సంగతి. మాది ఇత్తడి సామాను దుకాణం, వెనకాలే కార్ఖానా. మా చిన్నతనంలోనే నాయన పోతే పెద్దబాపే మమ్మల్ని సాకి దుకాణం నడిపాడు. బిందె చెయ్యాలంటే రేకును కొట్టాలి, కొట్టగా కొట్టగా అది బిగుస్తుంది, బిగిసినప్పుడల్లా కొలిమిలో కాల్చి మెత్తబరచి మళ్ళీ కొట్టాలి. ఆ కాల్చే పని ఎల్లయ్యది. వర్ధన్నపేట నుంచి వచ్చి మా దగ్గరే తల నెరిసిన మనిషి. ఎండుమిరపకాయ ఎరుపు రాగానే బయటికి తీసేవాడు. ఆ ఎరుపు తప్ప ఆయనకు వేరే కొలత లేదు, మాకూ ఎన్నడూ అవసరం పడలేదు.

మా తాత కట్టించిన ఆ కొలిమి గదికి కిటికీలు లేవు, ఒక్క తలుపు, పొగచూరిన గోడలు. ముసలాయన పిసినారి గనుక కిటికీలు పెట్టలేదని ఇంట్లో అందరూ చెప్పుకునేవారు. పెద్దబాపుకు అది నామోషీగా ఉండేది. ఒక ఏడు వ్యాపారం కలిసొచ్చి, రెండు వైపులా గోడలు పగలగొట్టించి పెద్ద కిటికీలు పెట్టించాడు. సున్నం వేయించాడు. ట్యూబులైట్లు బిగించి, కొబ్బరికాయ కొట్టి, బజారంతటికీ లడ్డూలు పంచాడు. పనివాళ్ళు సంతోషించారు. ఎల్లయ్య కూడా "గిప్పుడు మనిషి మొకం కనవడ్తాంది" అన్నాడట.

ఆ నెల నుంచే బిందెలు చెడిపోవడం మొదలైంది. పైన గరుకు, ఎంత మెరుగు పెట్టినా నునుపు రాదు. మెడ దగ్గర సన్నగా సాగదీసే చోట చీలికలు. కొన్నవాళ్ళు తెచ్చి దుకాణం గడప మీద పెట్టి పోతున్నారు. పెద్దబాపు మొదట బొంబాయి నుంచి వచ్చిన రేకును తిట్టాడు, తరువాత దిష్టి తీయించాడు, ఆఖరికి ఎల్లయ్య మీద పడ్డాడు. పక్క బజారు వాళ్ళు ఎల్లయ్యను లోబరచుకొని కావాలనే చెడగొట్టిస్తున్నారని ఎవరో చెవిలో ఊదారు.

"నా పిల్లల మీద ఒట్టు సేటూ, గదే ఎరుపు సూసి తీత్తాన. ఒక్క రవ్వ ఎక్కువ గాదు, తక్కువ గాదు" అని ఎల్లయ్య ఏడ్చాడు.

"గదే ఎరుపైతే గదే బిందె రావాలె గద?" అన్నాడు పెద్దబాపు. ఎల్లయ్యను పనిలోంచి తీసేశారు. ద్రోహి అన్న మాట పడ్డాక ఓరుగల్లులో ఏ కార్ఖానా రానిస్తుంది? సొంతూరు పోయి పొలాల్లో కూలికి కుదిరాడు. ఇంకో మనిషిని పెట్టారు, ఆయనకూ బిందెలు అట్లాగే చీలాయి. పెద్దబాపు అది మాత్రం లెక్కలోకి తీసుకోలేదు.

దసరాకు మూడు నెలల ముందు బావ దుకాణానికి వచ్చి, చెడిన బిందె ఒకటి చేతిలోకి తీసుకుని చాలాసేపు నిమిరాడు. ఆ గరుకు ఆయన రోజూ భోంచేసేటప్పుడు వేలికి తగిలే గరుకే. లోపలికి పోయి కొలిమి ముందు నిలబడ్డాడు. కిటికీలోంచి ఎండ సూటిగా నిప్పుల మీద పడుతోంది. పైన లైటు వెలుగుతోంది. కాలిన రేకు ఎర్రబడిందా లేదా అన్నది కళ్ళు చికిలిస్తే గానీ తెలియడం లేదు.

ఆ రాత్రి నాకు చెప్పాడు: "చీకట్ల కనిపించే ఎరుపు ఎండల కనపడదు. ఎండల కనపడాలంటె రేకు ఇంకా మస్తు కాగాలె. ఎల్లయ్య గదే ఎరుపు కోసం చూసిండు, గది వచ్చెదాక ఆగిండు. గప్పటికే లోపల రేణువులు లావైపాయె." ఎల్లయ్య కన్ను మారలేదు, కొలిమి గది మారింది. ఇంత చిన్న సంగతికి ఒక మనిషి ద్రోహి అయ్యాడు.

తెలిసింది గదా, ఇక చెబితే సరిపోతుందని బావ అమాయకత్వం. మరునాడే దుకాణంలో నలుగురి ముందూ "మామా, తప్పు ఎల్లయ్యది గాదు, కిటికీలది" అన్నాడు.

"కిటికీలు ఇత్తడిని చెడగొడ్తయా అల్లుడా?" అని పెద్దబాపు పకపకా నవ్వాడు. "నువ్వు పాఠం చెప్పుకో, నేను బేరం చేసుకుంట."

బావ పట్టు వదలలేదు. ఒకే రేకును ముక్కలు కోసి, ఒక్కో ముక్కను ఒక్కో వేడిలో కాల్చి, నునుపు చేసి, పెద్దబాపును కాలేజీకి పిలిపించి సూక్ష్మదర్శినిలో చూపించాడు. పెద్దబాపు ఇస్త్రీ ధోవతి కట్టుకుని, కండువా వేసుకుని వెళ్ళాడు. ఒక కన్ను మూసుకుని రెండు ముక్కలూ శ్రద్ధగా చూశాడు. "ఎండిన చెరువు లెక్క ఉన్నది. దీంట్ల చిన్న పగుళ్ళు, దాంట్ల పెద్ద పగుళ్ళు. రెండూ పగుళ్ళే గద! నేను చెప్పలే, వాడు పగలగొట్టిండని?" అన్నాడు. ఇంటికొచ్చి ఆ మాటే పదిమందికి చెప్పాడు. బావ తల పట్టుకుని కూర్చున్నాడు. అటుపైన మామా అల్లుళ్ళకు మాటలు బందయ్యాయి. అక్క ఎటూ చెప్పలేక నలిగిపోయింది. ఇంటల్లుడు అత్తింటి వ్యాపారంలో వేలు పెట్టకూడదని మా వాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. దాన్ని దాటాడని చుట్టాలందరూ ఆయన్నే తప్పుపట్టారు.

దసరా వచ్చింది. కూతుళ్ళనూ అల్లుళ్ళనూ పిలవక తప్పదు. మధ్యాహ్నం పంక్తి వేశారు. విస్తట్లో బచ్చాలు, గారెలు, నెయ్యి. అందరూ మొదలుపెట్టారు, బావ మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏంది అల్లుడా, ముట్టవేంది?" అన్నాడు పెద్దబాపు, చాలా రోజుల తరువాత.

"అలిగిన మామా."

పంక్తి పంక్తంతా ఘొల్లుమంది. పెళ్ళిలో కొత్త పెళ్ళికొడుకు అలగడం, మామ అడిగింది ఇచ్చి అలక తీర్చడం మాలో వేడుక. పెళ్ళయిన ఇన్నేళ్ళకు, చెవుల దగ్గర నెరిసిన వాడు అలగడం ఎవరూ చూడలేదు.

"పెండ్లిల అలుగుమంటె సిగ్గయి అలుగలే. గప్పటిది ఇప్పుడు అలిగిన" అన్నాడు బావ.

పెద్దబాపుకు కూడా నవ్వాగలేదు. "ఏం గావాలె? వాచీనా? రేడియోనా?"

"కొలిమి గదికి చీకటి గావాలె. దాంట్ల ఎల్లయ్య గావాలె."

నవ్వులు ఆగిపోయాయి. గారెలు తెస్తున్న అక్క గుమ్మంలోనే నిలబడిపోయింది. పెద్దబాపు బావ ముఖం వంక చూశాడు. అది ఆటపట్టించే ముఖం కాదు. వాదనలో అల్లుడి చేతిలో ఓడిపోవడం వేరు, పండుగ పూట అల్లుడి ముచ్చట తీర్చడం వేరు. మొదటిది పెద్దబాపు ప్రాణం పోయినా చెయ్యడు. రెండోది చెయ్యకపోతే పరువు దక్కదు. శాస్త్రంతో తెరుచుకోని తలుపును బావ ఆచారంతో తెరిచాడు. అంతటి ఉపాయం ఆ నిద్రమొహం మనిషికి ఎట్లా తట్టిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

"తిను, సల్లారుతాంది" అన్నాడు పెద్దబాపు. ఒప్పుకున్నట్టే.

కిటికీలకు గోనెసంచులు కుట్టి వేలాడదీశారు. లైట్లు తీసేశారు. ఎల్లయ్యను పిలిపించారు. వచ్చాడు గానీ మనిషి మనిషి కాదు. ఎక్కువ కాలుస్తానేమోనన్న భయంతో రేకును ముందే తీసేస్తున్నాడు. అది మెత్తబడనే లేదు, సుత్తె పడగానే చీలింది. పెద్దబాపు "చూసినవా!" అన్నట్టు చూశాడు. బావ కాలేజీ నుంచి వేడి కొలిచే సాధనం తెచ్చుకుని, బోర్లించిన గంగాళం మీద ఎల్లయ్య పక్కనే ఒక ఆదివారమంతా కూర్చున్నాడు. పొగకు దగ్గుతూనే ఉన్నాడు. సరైన వేడి వచ్చినప్పుడల్లా "ఇగో, గీ ఎరుపు. మంచిగ చూడు" అనేవాడు. ఎల్లయ్య కళ్ళార్పకుండా చూసేవాడు. పొద్దుగూకే వేళకు సాధనం వంక చూడకుండానే ఎల్లయ్య "ఇగ తీత్తానయ్యా" అన్నాడు. బావ సాధనం చూసి తల ఊపాడు. ఆ రోజు సాగిన బిందె మెడ మీద గీత కూడా పడలేదు. ఎల్లయ్య ఆ బిందెను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, ఎవరడిగినా ఇవ్వలేదు.

పెద్దబాపు తన తప్పు ఎన్నడూ ఒప్పుకోలేదు. గిరాకీలు ఆ గోనెసంచులేమిటని అడిగితే "మా అల్లునికి చీకటంటె ఇష్టం" అనేవాడు. ఎల్లయ్య కూలి మాత్రం తనంతట తానే పెంచాడు. బావ దీని గురించి ఎక్కడా గొప్ప చెప్పుకోలేదు. ఎవరైనా మెచ్చుకుంటే "కిటికీ మూసిన, గంతే" అనేవాడు. పరీక్ష తప్పి వచ్చిన విద్యార్థులను కూర్చోబెట్టి టీ ఇచ్చి, "ఫికర్ చెయ్యకు, ఏ వేడికాడ తప్పినవో గది చూద్దాం" అని మొదలుపెట్టేవాడు. ఆ విద్యార్థులే మొన్న పాడె మోశారు. ఏ ఊళ్ళ నుంచి వచ్చారో, ఎవరు కబురు పెట్టారో నాకు తెలియదు.

పెద్దకర్మ నిన్న మా ఇంట్లోనే జరిగింది. భోజనాలయ్యాక జనం పలచబడ్డారు. అందరికన్నా చివర ఎల్లయ్య లేచి వచ్చాడు. ముసలివాడైపోయాడు. చంకలో తువ్వాలలో చుట్టిన రేకు ముక్క ఉంది, విప్పితే తెల్లగా మెరిసింది. ఈ మధ్య బజారులోకి స్టీలు గిన్నెలు దిగి మా ఇత్తడికి గిరాకీ తగ్గింది. మనమూ స్టీలే కొడదామని పెద్దబాపు తెప్పించిన రేకు అది.

"రెండు దెబ్బలకే బిగుస్కపోతాంది సారూ" అన్నాడు ఎల్లయ్య నాతో. "ఇత్తడి ఎరుపుల తీత్తె మెత్తగయిత లేదు. ఇంకా కాలుద్దామంటె ఖరాబైతదేమోనని భయమైతాంది. మౌళి సారునడిగిన. అయితారం వచ్చి కూసుంటనన్నడు."

ఆ ఆదివారం రాకముందే సోమవారం వచ్చింది. నేను తెలుగు పండితుణ్ణి, ఏం చెప్పగలను? ఎల్లయ్య నా ముఖం చూసి లాభం లేదని గ్రహించి, మంచం మీద కూర్చున్న పెద్దబాపు వైపు తిరిగాడు.

"ఎంత ఎరుపుల తియ్యాలె సేటూ?"

పెద్దబాపు రేకును చేతిలోకి తీసుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. గోడకు ఆనించిన బావ ఫొటో వంక చూశాడు. ఆ గంభీరమైన గొంతు నుంచి మేమెవరమూ ఎన్నడూ వినని మాట వినిపించింది.

"నాకు తెల్వది ఎల్లయ్యా" అని ఏడ్చాడు.

ఎల్లయ్య రేకును ఆయన చేతిలోంచి తీసి అరుగు మీద పెట్టాడు. ముసలివాళ్ళిద్దరూ ఎవరి దారిన వాళ్ళు పోయారు. రేకు మా అరుగు మీదే ఉంది. ఈ రోజంతా దాన్ని ఎవరూ లోపలికి తియ్యలేదు, కొలిమి దగ్గరికి తీసుకుపోనూ లేదు. బావా, నీకు నా నమస్కారం. నువ్వు లేని లోటు ఎంతదో రాయమని నన్నడిగారు. అది అరుగు మీద ఉంది.